ఓకానరు నామము: వంశములు, వ్యక్తులు, స్థలములు

శబ్దమొక్కటి యైనంతమాత్రమున నర్థ మొక్కటి కానేరదని శాబ్దికులు మొదటినుండియుఁ జెప్పుచున్నారు. హరిశబ్దము విష్ణువును, సింహమును, కోఁతిని, కప్పను గూడఁ దెలుపును. ప్రకరణము లేనిచో దాని యర్థమును నిర్ణయింప నలవి గాదు. సామాన్యశబ్దములయందు నీ నియమమును జక్కఁగాఁ బాటించువారు సయితము మనుష్యనామముల కడకు వచ్చునప్పటికి దీనిని మఱచుచుందురు. ఇద్దఱి వంశనామ మొక్కటి యైనచో వారిది యొక్క రక్తమనియు, ఊరిపేరును మనుష్యుని పేరును గలిసినచో నా యూరు వానిదే యనియుఁ దలఁచుట లోకస్వభావము. ఈ తలంపు చరిత్రమున నెట్టి చిక్కులను గల్పించునో తెలిసికొనుటకు ఐర్లండుదేశమునఁ బ్రసిద్ధమైన ఓకానరు అను వంశనామము చక్కని యుదాహరణము. ఈ పేరు గల రాజులు, పండితులు, సేనానులు, యంత్రశాస్త్రజ్ఞులు, న్యాయాధిపతులు, కథకులు పలుదేశములఁ గలరు. ఈ పేరు గల యూళ్లును గలవు. వీనిలో దేనికి దేనితో నిజమైన సంబంధము గలదో విమర్శించుట యీ వ్యాసమునకు విషయము.

మొదట నామనిర్వచనము. ఇపు డాంగ్లోచ్చారణమున ఓకానరు అని పలుకఁబడు నీ పేరునకు ఐరిష్ భాషలోని పూర్వరూపము "ఓ కొన్‌ఖోవర్". ఇందు రెండు పదములు గలవు. కొన్‌ఖోవర్ అనునది పురుషుని పేరు. దాని పూర్వభాగమైన "కొన్" అనునది కుక్క యను నర్థము గల "కూ" శబ్దముయొక్క రూపాంతరము. ఉత్తరభాగమునకుఁ గోరువాఁడు, ప్రీతిగలవాఁడు అని పండితు లర్థము చెప్పుదురు. కావున వేఁటకుక్కలయందుఁ బ్రీతి గలవాఁడని యవయవార్థము. కుక్కపేరు నిందార్థకము గాదా యని శంకింపఁ బనిలేదు. ప్రాచీన ఐర్లండున వేఁటకుక్క శౌర్యమునకు గుఱుతు. ఆ దేశపు వీరగాథలకు నాయకుఁడైన కూహులిన్ పేరునకుఁ గులన్ అనువానియొక్క కుక్క యనియే యర్థము. మఱియు ఐరిష్ "కూ" శబ్దమును సంస్కృత "శ్వన్" శబ్దమును నొక్క మూలమునఁ బుట్టినవని భాషాతత్త్వజ్ఞుల నిశ్చయము. "శునః" అను షష్ఠ్యంతమునకు "కొన్" అనునది సరియైన జోడు. శునకుఁడు, శునశ్శేపుఁడు అను ఋషినామముల నెఱిఁగినవారికిఁ గొన్‌ఖోవర్ అను రాజనామము వింత గాదు.

ఇఁక నాదియందున్న "ఓ" అనునది. ఇది పూర్వకాలమున "ఊఅ" యని యుండెడిది. దాని ముఖ్యార్థము పౌత్రుఁడు. తరువాత సంతతివాఁడను విశాలార్థమును బొందినది. ఐరిష్ నామములలోఁ దఱచుగా వినవచ్చు "మాక్" అనునదియో, పుత్రుఁడను నర్థము గలది. ఈ రెండింటికిఁ బిమ్మట వచ్చు మూలపురుషుని పేరు షష్ఠీవిభక్తి యందుండును. కొన్‌ఖోవర్ అను పేరు ప్రథమయందును షష్ఠియందును నించుమించుగ నొక్కరీతినే వినఁబడినను, షష్ఠియందుఁ దుది రేఫము తాలవ్యచ్ఛాయను బొందును. వ్రాఁతయందును దానికి ముం దిత్వచిహ్నము చేరును. స్త్రీనామములయందు భేదము మఱింత స్పష్టము. పుట్టినింటి పేరునఁ "ఓ" స్థానమున "నీ" యనియు, మెట్టినింటి పేరున "ఈ" యనియుఁ జేర్చి, మూలపురుషనామముయొక్క మొదటి ఖకారతుల్యమైన మార్పును జేయుదురు. అనఁగా నా భాషలోఁ బేరు వినినంతనే పురుషుఁడో, కన్యయో, వివాహితయో తెలియును. ఆంగ్లలిపిలోనికి మాఱినప్పు డీ భేదములన్నియు నశించి మూఁడు రూపములును నొక్కటియే యైనవి.

ఈ సందర్భమునఁ బాణినీయము నెఱిఁగినవారికి నొక సామ్యము తోఁపక మానదు. పాణిని షష్ఠ్యంతముమీఁద నపత్యార్థమునఁ బ్రత్యయములను విధించెను. అందును బౌత్రుఁడు మొదలుగాఁ గల సంతతికే గోత్రమను సంజ్ఞను జేసెను. పుత్రుఁ డనంతరాపత్యము, పౌత్రాదులు గోత్రాపత్యము. ఐరిష్ వారి మాక్, ఓ అను విభాగముసరిగా నిదియే. ఈ రెండుదేశముల వ్యవహర్తలు నొకరినొకరు చూచి నేర్చుకొనిరని చెప్పఁబని లేదు. కొడుకు తండ్రిపేరు చెప్పుకొనుట యందఱికి నున్నదే. తండ్రిని విడిచి తాతపేరు చెప్పుకొనినప్పుడే యది వంశమగును. ఈ సత్యమును రెండు భాషలును వేఱువేఱుగఁ గనుఁగొన్నవి.

ఐర్లండున వంశనామములు స్థిరపడుట క్రీస్తుశకము పదవ, పదునొకండవ శతాబ్దములనాఁటి మాట. మొదట నీ పేరు వ్యక్తిపరముగ నిజమైన పౌత్రునికే చెల్లెను. పిమ్మటఁ దరతరమునకు మార్పు లేక నిలిచిపోయెను. యౌగికమై పుట్టినది యోగరూఢ మయ్యెను. అయితే కొన్‌ఖోవర్ అనునది యొక్క రాజునకు మాత్రమే యున్న పేరు గాదు. అది యా దేశమున మిక్కిలి వాడుకలోనున్న పేరు. కావున వేఱువేఱు సీమలలో, ఒకరితోనొకరికి సంబంధము లేని కొన్‌ఖోవరుల పౌత్రులు తమతమ తాతలపేరు చెప్పుకొని, తెలియకయే యందఱు నొక్కపేరివా రైరి. చిక్కున కంతటికి మూల మిదియే.

అట్టి ప్రత్యేకవంశము లైదు ప్రసిద్ధములు. మొదటిది పశ్చిమమున కొనాట్ రాజవంశము. దీని మూలపురుషుఁడు 973 లో మృతుఁడైన కొనాట్ రాజు, తైగ్ కుమారుఁడు కొన్‌ఖోవర్. ఈ వంశమున టర్లో (1088-1156) సర్వైర్లండాధిపత్యమును వహించెను. అతని కుమారుఁడు రోరీ 1166 లో నధిరాజై, 1169 లో మొదలైన ఆంగ్లోనార్మనుల దండయాత్ర నెదుర్కొని, 1175 లో ఆంగ్లరాజగు రెండవ హెన్రీతో విండ్‌సరునందు సంధి చేసికొని, తుదకు సింహాసనమును విడిచి 1198 లోఁ గాంగ్ మఠమున మరణించెను. ఐర్లండు నధిరాజులలోఁ గడపటివాఁ డితఁడే యని చరిత్రకారులు చెప్పుదురు. రెండవది నైరృతిని కెర్రీసీమ వంశము. షానన్ నదీముఖమునందలి కారిగఫాయిల్ దుర్గము వారిది. అది 1580 లో ఆంగ్లసేనల ముట్టడికి లోనై కూలెను. మూఁడవది లైన్‌స్టరు ప్రాంతమునందలి ఆఫలీ వంశము. నాలుగవది క్లేర్ సీమకు వాయవ్యభాగమగు కార్కమ్రోకుఁ బ్రభువులైన వంశము. అయిదవది ఉత్తరమున డెర్రీసీమయందు గ్లెన్‌గివెన్ వంశము. దీనిని బండ్రెండవ శతాబ్దమున ఓకేహన్ వంశమువారు తొలఁగించిరి. ఈ యైదింటి కూటస్థు లైదుగురు కొన్‌ఖోవరులు. కెర్రీ, కార్కమ్రో వంశములు పురాణపురుషుఁడగు ఫెర్గస్‌ను దమ కాదిపురుషునిగఁ జెప్పుకొనును. ఆఫలీ వంశము లైన్‌స్టరు రాజగు కాహిర్ మోర్ సంతతి మనును. కొనాట్ వంశమున కీ యిద్దఱితోను బొత్తు లేదు.

ఒక వంశములోనే శాఖ లేర్పడినప్పు డేమి చేసిరి? 1384 లో కొనాట్ రాజగు రోరీ మరణింపఁగా నిద్దఱు జ్ఞాతులు రాజ్యమునకై తగవులాడి పంచుకొనిరి. వంశనామ మొక్కటియే గాక, ఆ యిద్దఱి సొంతపేరును టర్లో యనియే యుండుటచే వారిని దలవెండ్రుకల రంగునుబట్టి వేఱుచేసిరి. ఒకఁడు డాన్, అనఁగాఁ గపిలవర్ణుఁడు. రెండవవాఁడు రో, అనఁగా నెఱ్ఱనివాఁడు. ఈ "రో" యొక్క ఐరిష్ మూలమగు "రూఅద్" శబ్దమును సంస్కృత "రుధిర" శబ్దమును సోదరములే. ఈ విశేషణములే పిమ్మట శాఖానామములై, ఓకానర్ డాన్, ఓకానర్ రో యనుట వాడుకయయ్యెను. టర్లో మోర్ కుమారులలో నొకని సంతతివారు స్లైగో సీమ నేలి ఓకానర్ స్లైగో యైరి. అట్లే ఆఫలీ, కెర్రీ అను దేశనామములును నితరవంశములకు విశేషణము లయ్యెను. ఆంగ్లలేఖనమున కొనాట్ రాజవంశపు ముఖ్యశాఖవారు నకారము నొక్కటిగ వ్రాయుట, తక్కినవారు సాధారణముగ ద్విత్వముగ వ్రాయుట మఱియొక గుఱుతు.

పాణినీయమున దీనికి సరియైన తావు గలదు. శరద్వత్, శునక, దర్భ శబ్దములకు గోత్రార్థమున నొక ప్రత్యేకప్రత్యయమును విధించుచు, సూత్రకారుఁ డది యెల్లరకుఁ జెల్లదనియు, క్రమముగ భృగు, వత్స, ఆగ్రాయణ వంశీయులకు మాత్రమే చెల్లుననియు నియమించెను. వాత్స్యుఁడైనచో శౌనకాయనుఁడు, ఇతరుఁడైనచో శౌనకుఁడు. అనఁగా శునకుఁడను పేరుగల మూలపురుషు లొక్కరికంటె నెక్కువమంది యున్నారనియు, వారి సంతతులను గలిపివేయరాదనియు నాఁటి వ్యవహారమే గుర్తించి రూపభేదమును గల్పించుకొన్నది. ఐరిష్‌వారు ప్రత్యయమునకు మాఱుగ విశేషణమును వాడిరి. ఇంతియే భేదము. ఈ విశేషణము లుండినంతకాలము పేరు సందేహమునకుఁ దావీయలేదు. అవి జాఱిపోయిన పిమ్మటనే చిక్కు ముదిరినది.

అవి జాఱిపోయిన విధము దుఃఖకరమైన చరిత్రము. పదునాఱవ శతాబ్దపు మధ్యభాగమున మేరీరాణి పరిపాలనమున ఆఫలీ ఓకానరుల భూములను గొని ఆంగ్లవలసదారుల కిచ్చిరి. ఆఫలీసీమకు రాజుగారిసీమ యనియు, వారి ముఖ్యస్థానమగు డాయంగన్‌నకు రాణిభర్తయగు ఫిలిప్ పేర ఫిలిప్స్‌టౌన్ అనియుఁ గ్రొత్తపేళ్లు పెట్టిరి. ఐర్లండు ప్రత్యేకరాజ్యమైన పిమ్మటఁ బూర్వనామములు మరల వచ్చెను గాని, భూములు పోయిన ప్రభువంశము మరల రాలేదు. భూమి పోయినప్పుడు భూమినిబట్టి వచ్చిన విశేషణమును బోవును. పదునేడు, పదునెనిమిదవ శతాబ్దములలో ఐరిష్ భాషకును గాథలిక్ మతమునకును గాని కాలము దాపురింపఁగా ననేకులు తమ పేళ్ల మొదటనున్న ఓ, మాక్ అనువానిని వదలి కానర్ అనియు, కానర్స్ అనియు వ్రాసికొనిరి. 1893 లో గేలిక్ భాషాసమితి యేర్పడి జాతీయాభిమానము ప్రబలిన పిదపఁ బలువురు తాతలు వదలిన "ఓ"ను మరలఁ జేర్చుకొనిరి. ఇంతలో 1845 మొదలు 1852 వఱకు సాగిన మహాక్షామమునఁ బదిలక్షలమంది మరణింపఁగా మఱి పదిలక్షలమంది దేశమును విడిచిరి. వారితో నోడయెక్కినది పేరు మాత్రమే. ఏ సీమ కొన్‌ఖోవరుని సంతతియో తెలుపు విశేషణము రేవునందే నిలిచిపోయినది.

పేరును మరలఁ జేర్చుకొనుట రాజసంతతి మని చెప్పుకొనుటకుఁ దావిచ్చిన వృత్తాంతము కార్క్‌సీమయందలి యొక కుటుంబమునఁ గానవచ్చును. ఈ కుటుంబమువారు మొదటఁ గానర్ అని వ్రాసికొనెడివారు. వారి నివాసము కానర్‌విల్. పదునెనిమిదవ శతాబ్దాంతమున రోజర్, ఆర్థర్ అను సోదరులు "ఓ"ను జేర్చుకొనిరి. రోజర్ తాను కడపటి యధిరాజగు రోరీ సంతతివాఁడనని ప్రకటించుకొనెను. 1822 లో "ఎరి వృత్తాంతములు" అను గ్రంథమును వెలువరించెను. అది చరిత్రముకంటెఁ గల్పనయే యని విమర్శకులు తేల్చిరి. అతని వంశవాదమును జరిత్రకారులు సందేహించిరి. కాని యీ సందేహము వారి పౌరుషమునకుఁ గొఱఁత గాదు. ఆర్థర్ (1763-1852) ఐరిష్ స్వాతంత్ర్యోద్యమమునఁ బాల్గొని ప్రవాసియై, 1804 లో నెపోలియను సేనలో జనరలు పదవిని బడసి, తత్త్వవేత్తయగు కోందొర్సే కుమార్తెను వివాహమాడి, ఆరాగోతోఁ గలసి మామగారి గ్రంథముల నెల్లఁ బ్రకటించెను. రోజర్ కుమారుఁడు ఫెర్గస్ ఇంగ్లండున శ్రామికుల యోటుహక్కునకై పోరాడిన చార్టిస్టు నాయకుఁడు. 1837 లో "నార్తరన్ స్టార్" పత్రికను స్థాపించెను. 1847 లో నాటింగ్‌హాం ప్రతినిధిగ నెన్నికయ్యెను. అతఁడు పేదలకు భూమి నిచ్చుటకై హర్ట్‌ఫర్డ్‌సీమయందు నెలకొల్పిన పల్లెకు ఓకానర్‌విల్ అని పేరయ్యెను. ఇపు డది హెరన్స్‌గేట్. అతని సోదరుఁడు ఫ్రాన్సిస్ బర్డెట్ (1791-1871) దక్షిణ అమెరికాకుఁ బోయి, బొలివారు సేనలలోఁ జేరి, సూక్రే సేనానికిఁ బ్రధానసహాయుఁడై, బొలీవియాయందలి తరీహాలో స్థిరపడెను. ఆ మండలమున ఓకానర్ అను ప్రాంత మతని పేరఁ బరగుచున్నది. ఒక్క యింటి సోదరులిద్దఱి పేర నొకటి ఇంగ్లండున, నొకటి బొలీవియాయందు స్థలములు వెలసెను. ఆ గౌరవము వారికి రాజరక్తమువలన వచ్చినది గాదు, వారి పనివలన వచ్చినది.

ఆస్ట్రేలియాయందు నిందుకు విలోమమైన యుదాహరణము గలదు. అచ్చట ఓకానర్ అను పేటలు రెండు గలవు. రాజధానియగు కాన్బెర్రాలోనిది రిచర్డ్ ఎడ్వర్డ్ ఓకానర్ (1851-1912) పేరఁ గలది. ఇతఁడు 1903 లో నేర్పడిన ఆస్ట్రేలియా ఉన్నతన్యాయస్థానమున మొదటి మువ్వురు న్యాయాధిపతులలో నొకఁడు. పశ్చిమతీరమున ఫ్రిమాంటిల్ నందలిది చార్లెస్ యెల్వర్టన్ ఓకానర్ (1843-1902) పేరఁ గలది. ఐర్లండునందలి మీత్‌సీమలోఁ బుట్టిన యీ యంత్రశాస్త్రజ్ఞుఁడు ఫ్రిమాంటిల్ నౌకాశ్రయమును నిర్మించెను. పెర్తు చేరువ మండేరింగ్ జలాశయమునుండి నీరు లేని బంగారుగనుల సీమకు 530 కిలోమీటర్ల దూరము గొట్టములద్వారా నీరు పంపు మహాకార్యమునకుఁ బూనుకొనెను. పత్రికలును శాసనసభికులును జేసిన దూషణములను సహింపలేక 1902 మార్చి 10వ తేదిని సముద్రతీరమునఁ బ్రాణములు దీసికొనెను. మఱుసటి జనవరి మాసముననే నీరు గనులకుఁ జేరినది. ఈ రెండు పేటల పేళ్లును నొక్కటియే యని యొక్క మనుష్యునికిఁ గట్టిపెట్టినచో, న్యాయాధిపతికి గొట్టములును యంత్రశాస్త్రజ్ఞునికి ధర్మాసనమును దక్కును. నిందలచేఁ బ్రాణముల విడిచినవాని యశస్సును మరణానంతరమునఁ గూడ నితరుని పాలు చేయుట యగును.

స్థలనామములలో నింకొక విధమైన మోసము గలదు. ఉత్తర కెర్రీయందలి ఇరాక్టికానర్ అను సీమ పేరు నిజముగ ఓకానరుల యధికారభూమి యను నర్థము గలది. కాని యదే కెర్రీసీమయందు డింగిల్ ద్వీపకల్పముననున్న కానర్ కనుమకు నీ వంశముతో సంబంధము లేదు. ఐరిష్ భాషలో "కొనర్" అనఁగా మార్గము. కనుమకు మార్గమని పేరుండుట సహజమే గదా. ఆంగ్లలిపి రెండు వేఱు శబ్దములను నొక్కటిగఁ జూపినది. అట్లే ఉత్తరమున ఆంట్రిం సీమయందుఁ బ్రాచీనమైన క్రైస్తవపీఠముగల కానర్ గ్రామము. దాని పూర్వనామమునకుఁ గుక్కల సిందూరవన మని ప్రాచీనవ్యాఖ్యాత లర్థము చెప్పిరి. ఇందుఁ గుక్కశబ్దము గలదు గాని కొన్‌ఖోవర్ లేఁడు. రూపసామ్యమును జూచి యీ యూరు వంశమున కాదిస్థాన మనువాఁడు వ్యుత్పత్తిని నడుమనే విడిచినవాఁ డగును.

సాహిత్యపరిశోధకులకు మఱింత చేరువయైన యుదాహరణము ఇరువదవ శతాబ్దపు కథకులు. గ్రంథాలయములలో ఓకానర్ అను పేరుకడ ఎడ్విన్ (1918-1968), ఫ్లానరీ (1925-1964), ఫ్రాంక్ (1903-1966) అను మువ్వురు వరుసగ నుందురు. మొదటి యిద్దఱును అమెరికావారు. ఎడ్విన్ 1962 లోఁ బులిట్జరు బహుమానమును బొందిన నవలాకర్త. ఫ్లానరీ జార్జియాయందలి సవానాలోఁ బుట్టిన స్త్రీ. మువ్వురిలో ఐర్లండునఁ బుట్టినవాఁడు కార్క్ నగరపు ఫ్రాంక్ ఒక్కఁడే. అతఁడో, తండ్రినిబట్టి ఓకానర్ కాఁడు. అతని నిజనామము మైకేల్ ఓడొనొవన్. తల్లి పుట్టినింటి పేరును గలమునకుఁ బేరుగఁ జేసికొనెను. అమెరికా సర్వోన్నతన్యాయస్థానమున 1981 లోఁ బ్రథమస్త్రీన్యాయాధిపతి యైన సాండ్రా డే ఓకానర్ (1930-2023) నకు నీ పేరు భర్తవలన వచ్చినది. పూర్వపు ఐరిష్ నియమ ముండిన యెడల నిందలి పుట్టినింటి, మెట్టినింటి భేదము పేరులోనే వినఁబడెడిది.

నామైక్యము వంశములోనే చిక్కు కలిగించుటయుఁ గలదు. కొనాట్ రాజవంశీయుఁడగు బెలనగేర్ చార్లెస్ ఓకానర్ (1710-1791) ఐరిష్ ప్రాచీనచరిత్రమునకు లిఖితాధారములను సేకరించిన మహాపండితుఁడు. అతని పౌత్రుఁడును జార్లెస్ ఓకానరే (1764-1828). ఇతఁడును బ్రాచీనచరిత్రపండితుఁడే. ఐరిష్ పురావృత్తాంతములను 1814 మొదలు ప్రకటించినవాఁ డితఁడు. ఇచ్చట వంశ మొక్కటి, పే రొక్కటి, శాస్త్ర మొక్కటి. కాలము మాత్రమే భేదకము. తేదిని వేయక చార్లెస్ ఓకానర్ చెప్పెనని యుదాహరించువాఁడు తాత వాక్యమును మనుమనికిఁ గట్టును.

ఇంతవఱకుఁ జూచినదానినిబట్టి ఓకానర్ అను నామము నాలుగు వృత్తులలోఁ బ్రవర్తించుచున్నదని తేలును. కొన్‌ఖోవరుని పౌత్రుని విషయమున నది యౌగికము. అతని సంతతియందు యోగరూఢము. భర్తవలనఁ గాని, తల్లివలనఁ గాని, స్వేచ్ఛచేఁ గాని గ్రహించినవారియందుఁ గేవలరూఢము. పేటలయందును బ్రాంతములయందును, పేరుగల మనుష్యుని సంబంధముచే వచ్చిన లాక్షణికము. కానర్ కనుమయందైతే నది యా నామమే కాదు, దాని యాభాసము. పరిశోధకుఁ డీ పేరు గన్పట్టినచోటనెల్ల మూలపురుషుఁ డెవఁడు, సీమ యేది, కాలమేది, ఏ భాషలో నేవిధముగ వ్రాయఁబడినది, పే రెట్లు సంక్రమించినది యని యడుగవలెను. ఈ ప్రశ్నలకు సమాధానము దొరకనంతవఱకు నిద్దఱు ఓకానరుల నిద్దఱుగనే యుంచుట మేలు.

ఇది పండితుల కుతూహలమునకు సంబంధించిన విషయము మాత్రమే కాదు. దేశాంతరములఁ బుట్టి పెరిగిన యైరిష్ సంతతివారు తమ మూలమును వెదకికొనుచు నీ పేరును బట్టుకొని వత్తురు. వారిలోఁ బలువురికి మొట్టమొదట నెదురగువాఁడు రోరీ మహారాజు. అతని సింహాసనకథ సొగసైనది. కాని వెదకువాని నిజమైన తాత కెర్రీ తీరమున వల వైచినవాఁడో, ఆఫలీయందు నేల పోఁగొట్టుకొన్నవాఁడో, క్లేర్ రాళ్లనడుమ నాలుగు గొఱ్ఱెల మేపినవాఁడో యై యుండవచ్చును. పరుని రాజును సంపాదించుకొనుటలోఁ దన పితామహుని గోలుపోవుట లాభము గాదు. "ఓ" యనుదానికిఁ బౌత్రుఁ డని యర్థము. పౌత్రుఁడు చెప్పవలసినది తన తాతపేరే.